మీ ఊళ్ళో ఊరి చరిత్ర సభ పెట్టాలంటే ఎలా?

"నెలనెలా చరిత్ర మీటింగు పెడతారట గదా, మా ఊళ్ళో పెట్టాలంటే ఏం చెయ్యాలండీ?" అని ఫోన్లో అడుగుతున్నారు, పెళ్ళి భోజనాల దగ్గర అడుగుతున్నారు, మొన్న పినాకినీ రైల్లో పక్క సీటాయన కూడా అడిగాడు. ప్రతివాళ్ళకీ మొదట్నించీ చెప్పడం నా వల్ల కావడం లేదు. అందుకే రాసి పెడుతున్నాను. మాది చీరాల దగ్గర ఊరు. నెలకో ఆదివారం సాయంత్రం ఓ ముప్పై నలభై మందిమి గ్రంథాలయంలో కూర్చుంటాం. అంతకు మించి మా దగ్గర గొప్పేమీ లేదు.

ముందే ఒక సంగతి. మీరు పిలిచే వక్త తెచ్చేది సగం చరిత్రే. మిగతా సగం ఎదురుగా కూర్చున్నవాళ్ళ దగ్గరుంటుంది. మీరు సభ పెట్టేది ఆ రెండో సగాన్ని రాబట్టడానికి. కింద చెప్పే ఏర్పాట్లన్నీ దాని కోసమే.

కావలసినవి

- కాస్త గాలీ వెలుతురూ ఉన్న గది, ముప్పై కుర్చీలు. చాలకపోతే జంపఖానా.
- గోడకు తగిలించడానికి మీ మండలం మ్యాపు, పెద్ద సైజు జిరాక్సు. ప్రొజెక్టరు లేకపోయినా ఫరవాలేదు గానీ, మ్యాపు లేకపోతే సభ నడవదు.
- చిన్న మైకు. వెనక వరసలో పెద్దవాళ్ళకి వినపడదు.
- గట్టి అట్టున్న రూళ్ళ పుస్తకం ఒకటి, పెన్నులు రెండు.
- రికార్డింగుకి ఒక ఫోను, ఫొటోలు తీయడానికి ఇంకొకటి. రెండూ ఒకే ఫోనుతో చేస్తే ఫొటో తీసే హడావుడిలో రికార్డింగు ఆగిపోతుంది. మాకు రెండుసార్లు అయింది.
- టీ, బిస్కెట్లు. ఇదేదో మర్యాద కోసమనుకోకండి, దీని సంగతి 6వ మెట్టులో చెప్తాను.

1. విషయం చిన్నది పెట్టుకోండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. మొదటి సభకి మేము పెట్టుకున్న పేరు "మన ప్రాంత చరిత్ర: శాతవాహనుల నుంచి నేటి వరకు". వక్త మంచి పండితుడే. గంటా ముప్పావు మాట్లాడితే శాతవాహనుల తర్వాత ఏలిన ఇక్ష్వాకుల దగ్గరికొచ్చాం. అప్పటికి సగం కుర్చీలు ఖాళీ.

ఒక చెరువు, ఒక రాయి, ఒక వీధి, ఒక ఏడాది, ఒక వృత్తి. ఇంతే ఉండాలి. చీరాల-పేరాల వాళ్ళకైతే 1921 ఒక్కటి చాలు. పురపాలక సంఘం వద్దు, ఆ పన్నులు మేం కట్టలేం అని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెనక జనం ఇళ్ళొదిలి, ఊరి పొలిమేర దాటి, రామనగరమని పాకలేసుకుని దాదాపు పదకొండు నెలలున్నారు. దీంట్లోనే నాలుగు సభలకి సరిపడా సరుకుంది: ఎవరెళ్ళారు, ఎవరు వెళ్ళలేదు, మగ్గాలేమయ్యాయి, నీళ్ళెక్కడివి. అద్దంకి వాళ్ళకి 848 నాటి సేనాని పండరంగని శాసనముంది, అందులో తరువోజ అనే ఛందస్సులో పద్యముంది. కరీంనగర్ వైపు వాళ్ళకి గంగాధర మండలం బొమ్మలగుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన కంద పద్యాలున్నాయి.

"మా ఊళ్ళో అలాంటివేం లేవండీ" అంటారు చాలామంది. రైలు స్టేషనుందా? సాగర్ కాలవుందా? సినిమా హాలుండి మూతపడిందా? అవీ చరిత్రే. నిజానికి మా సభలన్నిటిలోకీ జనం ఎక్కువొచ్చింది మూతపడ్డ బియ్యం మిల్లు మీద పెట్టినప్పుడు.

2. మీ ఊరు ఏ కాలంలో ఏ జిల్లాలో ఉందో ముందు తేల్చుకోండి

ఇది తెలియక పాత కాగితాల్లో ఊరు దొరకలేదని వదిలేస్తారు. చీరాలనే చూడండి. 2022 నుంచి బాపట్ల జిల్లా. దానికి ముందు ప్రకాశం. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడే దాకా గుంటూరు. 1904లో గుంటూరు జిల్లా మళ్ళీ విడిపోయే దాకా కృష్ణా. కాబట్టి 1883లో అచ్చయిన కృష్ణా జిల్లా మాన్యువల్లో వెతకాల్సిన ఊరిని ప్రకాశం జిల్లా పేరుతో వెతికితే ఏం దొరుకుతుంది?

ఓ కాగితం మీద మీ ఊరి పేరు, దాని కింద కాలక్రమంలో తాలూకా, జిల్లా రాసుకోండి. తెలంగాణ వాళ్ళయితే నిజాం కాలపు సుబా (కొన్ని జిల్లాలు కలిపి ఒకటి), జిల్లా, తాలూకా రాసుకోవాలి. ఊరు జాగీరా, సంస్థానమా, దివాణీయా (నేరుగా నిజాం సర్కారు కిందిదా) అన్నదీ చూసుకోవాలి, ఎందుకంటే దాన్ని బట్టి కాగితాలు వేరే చోట ఉంటాయి. ఊరి పేరు స్పెల్లింగు కూడా పాత ఇంగ్లీషులో నాలుగు రకాలుగా ఉంటుంది, అన్నీ రాసుకోండి.

3. వక్తని వెతకడం

ఇద్దరు కావాలి. ఒకరు చదివినవాళ్ళు, ఒకరు చూసినవాళ్ళు.

చదివినవాళ్ళంటే రిటైరైన తెలుగు, హిస్టరీ లెక్చరర్లు, పురావస్తు శాఖలో పని చేసినవాళ్ళు, యూనివర్సిటీలో మీ ప్రాంతం మీద పరిశోధన చేస్తున్న పిల్లలు. ఆఖరివాళ్ళని చిన్నచూపు చూడకండి. పెద్దాయన పాతికేళ్ళ కిందట చదివింది చెప్తాడు, ఆ పిల్ల పోయిన నెల చదివింది చెప్తుంది.

చూసినవాళ్ళంటే కరణాల ఇంటివాళ్ళు, ఊరి పనులు చేసిన పాత వెట్టి మనిషి, మంత్రసాని, మగ్గం నేసినాయన, గ్యాంగ్‌మన్, పోస్ట్‌మన్. కులపురాణాలు చెప్పే పటం కథల వాళ్ళు మీ వైపుంటే తప్పకుండా పిలవండి. ఏ ఇంటి పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్ళు చెప్పినట్టు ఏ పుస్తకమూ చెప్పదు. వాళ్ళకి మాత్రం శాలువా కప్పి పంపేయకండి. అది వాళ్ళ బతుకుతెరువు, కవర్లో డబ్బు పెట్టి ఇవ్వండి.

ఫోన్లో అడిగేటప్పుడు మూడు విషయాలు తేల్చేయండి: నలభై నిమిషాలు, ఒకే విషయం, దారి ఖర్చులు మావి. "సబ్జెక్టు మీరే చెప్పండి సార్, మీ ఇష్టం" అన్నారో, మళ్ళీ శాతవాహనులే వస్తారు.

4. చోటు, రోజు

శాఖా గ్రంథాలయం అన్నిటికన్నా మేలు. మా వైపు వాటికి సెలవు శుక్రవారం, ఆదివారం తెరిచే ఉంటాయి. గ్రంథపాలకుణ్ణి వారం ముందు కలిసి, కాగితం మీద రాసిచ్చి అడగండి. ఆమాటకొస్తే గ్రంథాలయంలో ఉపన్యాసమంటే మనకి కొత్త కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్ళూ, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పెట్టినవాళ్ళూ పుస్తకాలు సర్ది ఊరుకోలేదు.

గ్రంథాలయం లేకపోతే బడి. బడి కూడా కుదరకపోతే కమ్యూనిటీ హాలు. గుడి మండపం, కులసంఘ భవనం, పార్టీ ఆఫీసు వద్దు. ఎంత బాగున్నా వద్దు. "అందరూ రావచ్చు" అని మీరు మైకులో ఎన్నిసార్లు చెప్పినా, కొంతమంది ఆ గడప దాకా రారు. ఎవరు రాలేదో వాళ్ళ చరిత్ర మీ పుస్తకంలోకి రాదు.

రోజు ఒకటే ఉంచండి. మాది రెండో ఆదివారం సాయంత్రం అయిదింటికి. వేసవిలో ఆరింటికి. పెళ్ళిళ్ళ ముహూర్తాలు, క్రికెట్ ఫైనల్ చూసుకోండి. నవ్వకండి, మేము దెబ్బతిన్నాం.

5. పిలుపు

వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే సరిపోతుందనుకోవద్దు. చూస్తారు, బొటనవేలు బొమ్మ పెడతారు, రారు. టీ కొట్టు దగ్గర, మంగలి షాపులో, మందుల షాపులో ఒక్కో కాగితం అంటించండి. డెబ్బై దాటినవాళ్ళని మాత్రం ఇంటికెళ్ళి పిలవాలి. "సాయంత్రం మా అబ్బాయి బండి మీద తీసుకెళ్తాడు పెద్దమ్మా" అనాలి, అన్నాక తీసుకెళ్ళాలి.

పిలుపులో ఒక ప్రశ్న వేయండి. "బియ్యం మిల్లు చరిత్రపై ప్రసంగం" అని కాకుండా "మిల్లు సైరన్ ఎన్నింటికి మోగేది? గుర్తున్నవాళ్ళు రండి" అని రాయండి. తేడా మీకే తెలుస్తుంది.

వేరే ఊళ్ళల్లో, దేశాల్లో ఉన్న మీ ఊరివాళ్ళని ఫోన్ కాల్లో కలపొచ్చు. వాళ్ళు మాట్లాడేదాని కన్నా వాళ్ళ ఇళ్ళల్లో ఉన్న పాత ఫొటోలు ఎక్కువ ఉపయోగం. సభకి ముందే పంపమనండి.

6. సభ నడపడం

వేదిక ఎక్కించొద్దు. వేదిక ఉంటే దాని మీద ఎవరు కూర్చోవాలన్న పేచీ వస్తుంది. జ్యోతి ప్రజ్వలన, పుష్పగుచ్ఛాలు, సన్మానం పెట్టుకుంటే నలభై నిమిషాలు అవే తినేస్తాయి. వక్త పరిచయం రెండు వాక్యాలు. స్థానిక నాయకుడొస్తే సంతోషం, ముందు వరసలో కూర్చోబెట్టండి, మైకివ్వకండి.

నలభై నిమిషాలు కాగానే చీటీ పంపండి. అంతటితో ఆపేసి టీ ఇవ్వండి. టీ ఇక్కడే ఎందుకంటే, మైకు ముందు నోరు మెదపని మనిషి గ్లాసు చేతిలోకి రాగానే పక్కవాడితో "అది కాదురా, ఆ మిల్లు వాళ్ళది కాదు, వాళ్ళ బావమరిదిది" అంటాడు. మీ మనుషుల్ని ఇద్దర్ని ఆ గుంపుల్లో తిరగమనండి. ఆ మాట విన్నవాళ్ళు "ఇదే కాస్త అందరికీ చెప్పండి బాబాయ్" అని తీసుకురావాలి.

7. రెండో సగం

టీ తర్వాత ముప్పావుగంట. "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అని అడగొద్దు. అలా అడిగితే లేచేది ప్రశ్న పేరుతో ఇంకో ఉపన్యాసం ఇచ్చేవాడే. ఇలా అడగండి: "దీన్ని కళ్ళారా చూసినవాళ్ళెవరు?" "మీ ఇంట్లో దీని గురించి ఏమనుకునేవాళ్ళు?" ఆడవాళ్ళని విడిగా, పేరు పెట్టి అడగాలి. లేకపోతే పక్కనున్న మగవాళ్ళు వాళ్ళ తరఫున చెప్పేస్తారు.

మాట్లాడే ప్రతివాళ్ళకీ ఒకటే నియమం: చూసింది చూశానని చెప్పాలి, విన్నది ఎవరి దగ్గర విన్నారో చెప్పాలి. గొడవ వచ్చే విషయాల్లో ఇది మరీ అవసరం. తెలంగాణలో 1948 సెప్టెంబర్ 17ని ఒకరు విలీనమంటారు, ఒకరు విమోచనమంటారు, ఇంకొకరు విద్రోహమంటారు. ఏ మాట వాడాలన్న వాదం మీ గదిలో తేలదు. "పోలీస్ యాక్షన్ నాడు మీ ఊళ్ళో ఏం జరిగిందమ్మా?" అని అడగండి, వాదం దానంతటదే చల్లారుతుంది. చల్లారకపోతే టీ ఇంకో రౌండు.

8. రాసుకోవడం

రికార్డు చేసే ముందు అడగండి. వద్దంటే ఆపేయండి. పెద్దావిడ ఒకరు తన ఇంటి సంగతొకటి చెప్పి, "ఇది మాత్రం రాయకు నాయనా" అన్నారు. రాయలేదు. తర్వాత మూడు సభలకి ఆవిడే ముందొచ్చి కూర్చున్నారు.

రూళ్ళ పుస్తకంలో పేజీకి నాలుగు గడులు: ఎవరు చెప్పారు, ఏం చెప్పారు, చూశారా విన్నారా, సరిచూశామా. నాలుగోది ఖాళీగా వదలండి. పాత ఫొటో, దస్తావేజు తెస్తే అక్కడికక్కడే ఫోన్తో తీసుకుని ఆ పూటే తిరిగిచ్చేయండి. "రేపు జిరాక్సు తీసి ఇస్తాను" అని తీసుకెళ్ళి పోగొట్టిన మనిషి వల్ల ఒక ఊళ్ళో సభలే ఆగిపోయాయి.

9. సరిచూడడం

అసలు పని ఇది. చాలామంది ఇక్కడ దాకా రారు.

కాలం తేల్చడం: పెద్దవాళ్ళకి సంవత్సరాలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. "దివిసీమ ఉప్పెనప్పుడు నా పెద్దకొడుకు చంకలో ఉన్నాడు" అంటే 1977 నవంబర్. జై ఆంధ్ర అంటే 1972. "కర్నూలు రాజధాని అయినప్పుడు" అంటే 1953. "కాలవలో నీళ్ళు రాకముందు" అన్నా మీ ఊరికి సాగర్ నీళ్ళు ఏ ఏడు వచ్చాయో తెలిస్తే చాలు. ఇలాంటి పది సంఘటనలతో ఒక పట్టిక చేసి గోడకి అంటించుకోండి.

శాసనాల్లో శక సంవత్సరానికి 78 కలపండి. మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకిచ్చిన అభయ శాసనం శక 1166. కలిపితే 1244. దీన్ని ఇంకో దారిలో కూడా పట్టుకోవచ్చు. శక 1166 క్రోధి సంవత్సరం. మనకి 2024 ఉగాదికి వచ్చిందీ క్రోధే. రెంటికీ మధ్య 780 ఏళ్ళు, అంటే సరిగ్గా పదమూడు అరవైలు. లెక్క కుదిరింది. కుదరకపోతే అంకె తప్పు చదివారన్నమాట, లేదా గత శకమా వర్తమాన శకమా (గడిచిన ఏళ్ళు లెక్కేశారా, నడుస్తున్న ఏడూ కలిపారా) అన్న ఒక్క ఏడాది తేడా. ఉగాది మార్చి, ఏప్రిల్లో వస్తుంది కాబట్టి మాఘం, ఫాల్గుణం తేదీలకి 79 కలపాల్సి రావచ్చు. ఉత్త "క్రోధి సంవత్సరం" అని మాత్రమే ఉంటే తేల్చేయకండి. అరవై ఏళ్ళకోసారి అది వస్తూనే ఉంటుంది. పహాణీల్లో, పాత రెవెన్యూ కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపి, ఒక ఏడాది అటూ ఇటూ చూసుకోండి.

కాగితంతో పోల్చడం: ఆంధ్రా వైపు పొలం, ఇనాం, చెరువు సంగతులకి ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), ఇనాం ఫెయిర్ రిజిస్టరు, డైగ్లాట్ (రెండు భాషల్లో ఉన్న పాత భూముల రిజిస్టరు). తెలంగాణలో సేత్వార్, ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డులు. గ్రామ కథలకి ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరుల వంటివాళ్ళు ఊరూరా తిరిగి సేకరించిన ఊరి వృత్తాంతాలు, అంటే కైఫీయతులు. కడప జిల్లావి అక్కడి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వాళ్ళు అచ్చు వేశారు. పాత పత్రికలకి మా వైపు వాళ్ళం వేటపాలెం వెళ్తాం. ఒకటి గుర్తుంచుకోండి, కైఫీయతులో ఉన్నదంతా జరిగిందని కాదు. రెండొందల ఏళ్ళ కిందట ఊళ్ళో అలా అనుకునేవారని, అంతే.

ఊరి పేరు కథలు: సగం ఊళ్ళల్లో రాముడు విశ్రమించాడు, మిగతా సగంలో పాండవులు వండుకున్నారు. ఈ కథల్ని రాసుకోండి, కొట్టిపారేయొద్దు. కానీ పేరుకి అసలు మూలం కావాలంటే ఊరి పేరు శాసనాల్లో, పాత రిజిస్టర్లలో ఎలా ఉందో ముందు చూడండి. ఇప్పటి పేరుని ముక్కలు చేసి అర్థం లాగడం ప్రతి సభలోనూ ఎవరో ఒకరు చేస్తారు. మీరు చేయకండి.

మా పుస్తకంలో ఒక వరస చూపిస్తాను. రామనగరం సభలో ఒకాయన, "తాటాకు పాకలో ఏడాదిన్నర ఉన్నామనేది మా నాయనమ్మ" అన్నాడు. మూడో గడిలో "విన్నది, నాయనమ్మ దగ్గర" అని రాశాం. పుస్తకాల్లో ఉన్నది పదకొండు నెలలు. అప్పుడు ఆయన మాట కొట్టేయాలా? కొట్టేయలేదు. నాలుగో గడిలో "కుదరలేదు" అని రాసి, పక్కన "తిరిగొచ్చాక సొంతిల్లు ఉందా? వెంటనే చేరారా?" అని ప్రశ్న పెట్టాం. ఆర్నెల్ల తర్వాత వాళ్ళ మేనత్త ఒకావిడ వచ్చి, వదిలి వెళ్ళిన ఇంటి కప్పు కూలిపోయిందనీ, అది మళ్ళీ నేయించుకునే దాకా వేరే పాకలో ఉన్నారనీ చెప్పింది. అదీ విన్నదే, ఇంకా తేలలేదు. కానీ జనం తిరిగొచ్చాక ఏమైందని అడగాలన్న ఆలోచన మాకు వచ్చింది ఆ కుదరని వరస వల్లే.

10. రాయి దగ్గరికి వెళ్ళేటప్పుడు

ఏడాదికి రెండుసార్లు గది వదిలి బయటికెళ్ళండి. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, నవంబర్‌లో వారసత్వ వారోత్సవాలు, ఆ సమయం చూసుకోండి. శాసనం చదవాలని సుద్దముక్క రుద్దొద్దు, పెయింటు వేయొద్దు, నూనె పూయొద్దు, మేకుతో గీకొద్దు. పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ ఏటవాలు ఎండలో ఫొటో తీయండి. చీకటి మండపంలో అయితే టార్చి రాయికి ఎదురుగా కాకుండా పక్క నుంచి కొట్టండి. నీడలు పడి అక్షరాలు లేచి కనిపిస్తాయి. ఎస్టాంపేజీ, అంటే కాగితం మీద శాసనం అచ్చు తీయడం, తెలిసినవాళ్ళ పని.

ముఖ్యమైన హెచ్చరిక: ఊరి బయట వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి), పాత విగ్రహం ఉంటే అది ఫలానా చోట ఉందని మైకులో చెప్పొద్దు, ఫోన్లో లొకేషన్ పంచొద్దు. నిధుల పిచ్చి ఇంకా పోలేదు. మేము ఒక వీరగల్లు మీద సభ పెట్టిన నెలలోపే దాని కింద ఎవరో గొయ్యి తవ్వారు. తవ్వకాల్లో పాత నాణేలు, నగలు లాంటివి బయటపడితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకి తెలియజేయాలి. పంచుకుంటే కేసవుతుంది.

సభ బాగా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

జనం లెక్క చూడకండి. మర్నాడు పుస్తకం తెరవండి. కొత్త వరసలు అయిదైనా ఉన్నాయా? అందులో ఆడవాళ్ళు చెప్పింది ఒకటైనా ఉందా? అన్నీ ఒకే వీధి వాళ్ళు చెప్పినవేనా? వచ్చే నెల ఎవరైనా చేతి సంచీలో పాత కాగితం పెట్టుకుని వస్తే సభ బాగా జరిగినట్టు. వరసగా మూడు నెలలు ఒక్క వరసా రాకపోతే విషయం పెద్దదయిపోయింది, లేదా మైకు ఒకరి చేతిలోనే ఉండిపోయింది. 1కీ, 7కీ వెనక్కి వెళ్ళండి.

ఏడాది తిరిగాక ఆ పుస్తకం మూడు జిరాక్సులు తీయించండి. రాయొద్దన్న సంగతులు పొరపాటున ఎక్కలేదు కదా అని ముందు ఒకసారి చూసుకోండి. ఒకటి గ్రంథాలయానికి, ఒకటి హైస్కూలుకి, ఒకటి మీరు కాక ఇంకొకరి ఇంట్లో. మొదటి సభ ఖర్చు మాకు తొమ్మిది వందలు దాటలేదు, అందులో సగం మ్యాపు జిరాక్సుకే అయింది.